కువైట్ నుంచి వచ్చాక మా గుడి నాకు పరాయిదైపోయింది

ప్రశ్న: మాది ఆచంట వైపు లంక ఊరు. పదకొండేళ్ళు కువైట్‌లో ఇంటిపని చేసి కిందటేడు వచ్చేశాను. అక్కడ సెలవు దొరికిన శుక్రవారమల్లా కువైట్ సిటీలో హోలీ ఫ్యామిలీ కతోలిక గుడికి వెళ్ళేదాన్ని. పూజ అయ్యాక మన గోదావరి జిల్లాలవాళ్ళందరం ఒకచోట చేరి, తెచ్చుకున్న అన్నం పంచుకుని, ఒకరి కష్టం ఒకరికి చెప్పుకునేవాళ్ళం. ఇక్కడ పూజ అయిన ఐదు నిమిషాలకి గుడి ఖాళీ. 'ఎప్పుడొచ్చావు, ఎంత తెచ్చావు' అన్నదే పలకరింపు. ఏ పని చూసినా రెండు కుటుంబాలవాళ్ళదే పెత్తనం. కమ్యూనిటీ హాలుకని 2019లో నలభై వేలు పంపాను. గోడలు లేచాయి గానీ శ్లాబు పడలేదు. లెక్క అడుగుదామంటే 'అది ఫారిన్ డబ్బు, పైకి తీస్తే గుడికే ఇబ్బంది' అని మా బావగారు నోరు నొక్కేశారు. మా అమ్మాయి ఇంటరు, అబ్బాయి తొమ్మిదో తరగతి. ఇద్దరూ కాలవ అవతల కొత్తగా పెట్టిన ప్రార్థన మందిరానికి వెళ్తామంటున్నారు, అక్కడ డ్రమ్స్, కీబోర్డు ఉన్నాయట. ఇలా ఉండగా ఫాదర్ గారు నన్ను మహిళా సమాజం చూసుకోమన్నారు. నేను చదివింది తొమ్మిది వరకే. ఆ రెండు ఇళ్ళ ఆడవాళ్ళు నా మాట వింటారా? ఒక్కటి మాత్రం దాచకూడదు. 2022 వరదలో నేను అక్కడుండగా మా అత్తగారిని పడవలో గుడికి చేర్చి అన్నం పెట్టింది ఆ రెండు కుటుంబాలవాళ్ళే. నేనేం చేయాలి?
— ఒక సోదరి

సమాధానం: అమ్మా, ముందు హాలు డబ్బు సంగతి తేల్చేద్దాం. అది మనసులో మెదులుతున్నంతకాలం ఆ గుడిలో మీరు ఎవరి ముఖం చూసినా లెక్కే గుర్తొస్తుంది.

మీ బావగారు చెప్పింది సరికాదు. విదేశంలో ఉంటున్న భారత పౌరులు తమ సొంత సంపాదనలోంచి, మామూలు బ్యాంకు దారిన పంపిన డబ్బును మన చట్టం విదేశీ విరాళంగా లెక్కపెట్టదు. మీది భారత పాస్‌పోర్టు, పంపింది మీ జీతం. బ్యాంకు ద్వారా పంపి ఉంటే ఆ కాగితం బయటికి తీసినందువల్ల గుడికి వచ్చే ఇబ్బంది ఏమీ లేదు. రసీదు పోయినా మీ పాస్‌బుక్కులో ఆ పద్దు ఉంటుంది, వెళ్ళి ప్రింటు వేయించుకోండి. సెలవుకి వచ్చే ఎవరి చేతికైనా ఇచ్చి పంపి ఉంటే ఆ మనిషి పేరు, ఆ నెల గుర్తు తెచ్చుకుని ఒకచోట రాసిపెట్టుకోండి.

అడగొచ్చా అంటే, తప్పకుండా అడగొచ్చు. ఇప్పుడు అమల్లో ఉన్న 1983 నాటి శ్రీసభ చట్టం, అంటే మన కతోలిక సంఘం చట్టం, ప్రతి విచారణకూ (ఒక పెద్ద గుడి, దాని కింది ఊళ్ళు) ఒక ఆర్థిక సంఘం ఉండి తీరాలంటుంది. అది 537వ అధికరణం. ఫలానా పనికని విశ్వాసులు ఇచ్చిన కానుకను ఆ పనికే వాడాలని 1267వది, వాళ్ళు ఇచ్చినదానికి వాళ్ళకు లెక్క చెప్పాలని 1287వది చెబుతున్నాయి. ఇవి ఫాదర్ గారి ముందు వల్లించమని రాయడం లేదు. లెక్క అడిగితే దేవుడి పనికి అడ్డుపడినట్టు మాట్లాడేవాళ్ళు ప్రతి ఊళ్ళోనూ ఉంటారు, ఆ మాటకి మీరు బెదరకూడదని రాస్తున్నాను.

అయితే ఎక్కడ అడుగుతారు, ఎలా అడుగుతారు అన్నదాని మీదే చాలా ఆధారపడి ఉంటుంది. ఆదివారం గుడి మెట్ల మీద వద్దు. విచారణ వాట్సాప్ గ్రూపులో అసలే వద్దు, అక్కడ పెట్టిన మాటకి జవాబు కంటే ముందు కోపం వస్తుంది. మీలాగే గల్ఫ్ నుంచి ఆ హాలుకి పంపినవాళ్ళు ఊళ్ళో ఇంకొందరు ఉండే ఉంటారు. వాళ్ళలో ఇద్దరిని కలుపుకుని మామూలు రోజు సాయంత్రం ఫాదర్ గారి బంగ్లాకి వెళ్ళండి. 2019లో ఉన్న ఫాదర్ గారు ఈపాటికి బదిలీ మీద వేరే విచారణకి వెళ్ళిపోయి ఉండొచ్చు, ఇప్పటివారికి ఆ పద్దులు చూసే అవసరమే పడి ఉండకపోవచ్చు. 'ఎవరు తిన్నారు' అని మొదలుపెట్టకండి. ఎంత వచ్చింది, ఎంత ఖర్చయింది, శ్లాబుకి ఇంకెంత కావాలి, ఈ మూడు అంకెలూ ఒక కాగితం మీద రాయించి, ఆర్థిక సంఘంవాళ్ళ సంతకాలతో నోటీసు బోర్డుకి అంటించమనండి. లంక నేలలో పునాదికి పడే ఖర్చు మీకు తెలుసు. 2019 అంచనాతో మొదలుపెట్టిన కట్టడం కోవిడ్ తర్వాత ఇనుము, సిమెంటు ధరల దగ్గర ఆగిపోయి ఉండొచ్చు. కాజేశారని ముందే తీర్మానించుకోకండి. ఏమీ జరగలేదని కూడా నేను చెప్పను, కాగితం వచ్చాకే తెలుస్తుంది. ఆ కాగితం వస్తే మాత్రం మిగతా శ్లాబు డబ్బు పోగవడానికి ఆట్టే కాలం పట్టదు. మన ఊళ్ళలో జనం ఇవ్వడానికి వెనకాడరు, ఇచ్చింది ఎటు పోయిందో తెలియనప్పుడు వెనకాడతారు.

ఇక మీ అసలు బాధ. కువైట్‌లో దొరికిన ఆప్యాయత సొంత ఊరి గుడిలో ఎందుకు దొరకడం లేదు?

ఆలోచించండి. అక్కడ గుడి ముందు చేరిన వాళ్ళందరికీ ఇల్లు దూరం. జ్వరం వస్తే అడిగే దిక్కు లేదు, వారమంతా పరాయి ఇంట్లో పరాయి భాష. శుక్రవారం పూట ఆ గుడి ముందే మీకు అమ్మగారిల్లు, పంచాయితీ, ఆసుపత్రి, అన్నీ. ఇక్కడ పూజ అయిన ఐదు నిమిషాలకి వెళ్ళిపోయే వాళ్ళకి ఇంటి దగ్గర కోడికూర పొయ్యి మీద ఉంటుంది, వియ్యాలవారు వచ్చి కూర్చుని ఉంటారు. వాళ్ళకు గుడి బయట కూడా మనుషులు ఉన్నారు. కాబట్టి వాళ్ళు ఆగడం లేదని మీరు నొచ్చుకుంటే ప్రయోజనం లేదు. ఆగాల్సిన అవసరం ఎవరికి ఉందో వెతకండి. మీ ఊళ్ళో అలాంటివాళ్ళు లేకపోవడం అనేది జరగదు. కూతుళ్ళు, కోడళ్ళు గల్ఫ్‌లో ఉండి మనవల్ని సాకుతున్న ముసలివాళ్ళు ఉంటారు. భర్త పోయి అత్తింట్లో నోరెత్తలేని ఆడపిల్ల ఉంటుంది. మోకాళ్ళ నొప్పులతో గుడికే రాలేక, గంట వినపడగానే మంచంలోనే సిలువ గుర్తు వేసుకునే అవ్వలు ఉంటారు. మీరు వెతుకుతున్న సంఘం వాళ్ళ దగ్గర మొదలవుతుంది. ఒంటరితనం అంటే ఏమిటో పదకొండేళ్ళు చూసినవారు మీరు. ఆ ఇళ్ళకి వెళ్ళి ఏం మాట్లాడాలో మీకు ఎవరూ నేర్పనక్కర్లేదు.

అందుకే ఫాదర్ గారు మిమ్మల్ని అడగడం నాకు చాలా సంతోషంగా ఉంది. తొమ్మిదో తరగతి అని వెనక్కి తగ్గకండి.

మహిళా సమాజం అంటే చాలాచోట్ల జపమాల చెప్పుకోవడం, పండక్కి ఒకే రంగు చీరలు కట్టుకోవడం, ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో గుణదల తిరునాళ్ళకి బస్సు మాట్లాడటం, ఇంతవరకే. అవి మంచివే, మానొద్దు. కానీ మన డెల్టాలో క్రైస్తవ స్త్రీలు ఒకచోట కూర్చోవడం ప్రార్థనతోనే ఆగిపోలేదు. నరసాపురం, పాలకొల్లు చుట్టుపక్కల పల్లెల్లో ఆడవాళ్ళు ఈరోజుకీ అల్లే లేసు 19వ శతాబ్దంలో మిషనరీ స్త్రీలు నేర్పిందే. అరుగుల మీద నలుగురు కూర్చుని అల్లుకున్న ఆ పని ఎన్నో వేల ఇళ్ళకి ఇంత ఆదాయం అయింది, నరసాపురం లేసుకి 2024లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఆడవాళ్ళకి పనికొచ్చే విద్య ఏదైతే అది సమాజంలోకి రావాలి. మీ దగ్గర ఇప్పుడు అలాంటి విద్య ఒకటి ఉంది.

మీ ఊరినుంచి వచ్చే ఏడాది కూడా ఎవరో ఒకరు విమానం ఎక్కుతారు. ఎక్కించే ఏజెంటు చెప్పేది తప్ప వాళ్ళకి ఏమీ తెలియదు. నెలకో సాయంత్రం వాళ్ళను కూర్చోబెట్టి మీరు చెప్పండి. మీలా పదో తరగతి పాస్ కాని వాళ్ళ పాస్‌పోర్టు మీద కువైట్‌లో పనికి వెళ్ళాలంటే ఎమిగ్రేషన్ క్లియరెన్స్ (వెళ్ళడానికి మన ప్రభుత్వం ఇచ్చే అనుమతి) ఉండాలని, ఇంటిపనికి వెళ్ళే స్త్రీకి ముప్ఫై ఏళ్ళు నిండి ఉండాలని చెప్పండి. విజిట్ వీసా మీద పంపి 'అక్కడికెళ్ళాక మార్పిస్తాం' అనేవాడి మాట వినొద్దని చెప్పండి. ఏజెంటు పేరు కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో ఉందో లేదో మీ అమ్మాయి ఫోన్లో చూసి చెప్పగలదు. ప్రవాసీ భారతీయ బీమాకి రెండేళ్ళకు 275 రూపాయలు, మూడేళ్ళకు 375. ప్రమాదంలో ప్రాణం పోయినా, శాశ్వతంగా పని చేయలేని స్థితి వచ్చినా 10 లక్షలు వస్తాయి. ఆ కాగితం నకలు ఇంట్లో పెట్టి వెళ్ళాలని ఎంతమందికి తెలుసు? 20వ నంబరు వీసా అంటే ఇంటిపని వీసా అని, దాని మీద వెళ్ళి బయట కంపెనీలో చేస్తే పట్టుబడతారని మీకు తెలిసినంతగా ఇక్కడ ఎవరికి తెలుసు? కువైట్‌లోనే 2015లో ఇంటిపనివాళ్ళ కోసం 68వ నంబరు చట్టం వచ్చింది. వారానికి ఒక రోజు సెలవు, రోజుకి పన్నెండు గంటలకి మించని పని, పనిచేసే మనిషి ఒప్పుకోకుండా పాస్‌పోర్టు యజమాని దగ్గర పెట్టుకోకూడదు అని అందులో ఉంది. అన్ని ఇళ్ళల్లోనూ అది జరగదని మీకు తెలుసు. అయినా తెలిసి వెళ్ళినదానికి అడిగే నోరుంటుంది.

ఈ ఒక్క పని మొదలుపెడితే మీ సమాజానికి పేటతో, మతంతో పని లేకుండా ఆడవాళ్ళు వస్తారు. రానివ్వండి. వాళ్ళు పూజకి రావాలన్న షరతు పెట్టకండి.

ఒక చిన్న జాగ్రత్త. కూటం పెట్టేముందు పొలం పనులు చూసుకోండి. లంకలో వరి తక్కువైనా మీ ఆడవాళ్ళు ఏటిగట్టు దాటి కూలికి వెళ్తారు. సార్వా, దాళ్వా ఊడ్పులు జరిగే రోజుల్లో సాయంత్రం కూటం పెడితే నడుము పట్టేసిన మనిషి వచ్చి కూర్చోలేదు. రాలేదని మనం భక్తి తగ్గిందంటాం. ఆ నెలల్లో ఆదివారం పూజకి ముందో వెనకో అరగంట చాలు.

ఆ రెండు కుటుంబాల సంగతికి వద్దాం. ఉత్తరం చివర్లో మీరే ఒక మాట రాశారు, ఆ మాట రాసినందుకు మీ మీద గౌరవం పెరిగింది. విచారణ అంటే ఒక పెద్ద గుడి, దాని కింద చాలా ఊళ్ళు. ఫాదర్ గారు ప్రతి ఊరికీ ప్రతి ఆదివారం రాలేరు. రాని రోజున ప్రార్థన నడిపేది ఉపదేశి. గంట కొట్టేది, పీఠం గుడ్డలు ఉతికేది, పండగ ముందు సున్నాలు వేయించేది ఊళ్ళో ఎవరో ఒకరు. తాతల నాటినుంచి అది వాళ్ళ ఇంటిపని అయిపోయి ఉంటుంది. చేసి చేసి, ఇది మాదే అన్న భావం వస్తుంది. పెత్తనం అక్కడినుంచే పుడుతుంది. దాన్ని నేను సమర్థించడం లేదు. విచారణ కౌన్సిల్ అన్నది శ్రీసభ చట్టం ప్రకారం సలహా చెప్పడానికి ఉన్నదే, ఏ ఇంటికీ ఆస్తి కాదు. కానీ పని చేతిలోంచి లాక్కుంటే వదలరు, పక్కన కూర్చుని పంచుకుంటే వదులుతారు.

వచ్చే గుడి పండక్కి ఇలా చేసి చూడండి. ముందురోజు రాత్రి వంట దగ్గరికి వెళ్ళండి. గుడి వెనక గాడిపొయ్యి తవ్వి, గుండిగలు ఎక్కించి, తెల్లవారుజామున మూడింటికి బస్తాడు ఉల్లిపాయలు ముందు పోసుకుని కత్తిపీటల మీద కూర్చునే ఆడవాళ్ళ మధ్య ఒక కత్తిపీట మీది కావాలి. ఇంటినుంచి మీదే పట్టుకెళ్ళండి. అక్కడ ఎవరూ 'ఎంత తెచ్చావు' అని అడగరు. ఎవరి కోడలు ఎలాంటిది, ఎవరి బిడ్డకి జ్వరం, ఎవరింట్లో మాటల్లేవు, ఊరంతా ఆ పొయ్యి దగ్గర తెలుస్తుంది. ఆ రెండు ఇళ్ళ పెద్దావిడ ఎసరు చూసి ఎన్ని కుంచాల బియ్యం పోయాలో చెప్తుంది. అది నేర్చుకోండి, ఆవిడ తర్వాత ఆ లెక్క తెలిసినవాళ్ళు ఊళ్ళో ఉండాలి. మహిళా సమాజానికి ఆవిడ సలహా కావాలని అడగడానికి అంతకంటే మంచి చోటు లేదు.

ఒక విషయంలో మాత్రం మీరు మెత్తబడకండి. కుటుంబ ప్రార్థన ఎవరెవరి ఇళ్ళల్లో జరుగుతోంది, ఏ పేట ఇళ్ళు తప్పిపోతున్నాయి, గమనించండి. మన డెల్టా ఊళ్ళలో ఒకే బలిపీఠం ముందు మోకరించి, ఆ తర్వాత ఒకరింట్లో ఒకరు టీ తాగనివాళ్ళు ఇంకా ఉన్నారు. ఇది రాయడానికి నాకు బాధగా ఉంది, కానీ ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. ప్రార్థన వరసగా ప్రతి పేటకీ, ప్రతి ఇంటికీ రావాలని మొదటి కూటంలోనే తీర్మానం రాయించండి. పాక అయినా, ఆ ఇంట్లో కుర్చీలు లేకపోయినా సరే. చాప మీద కూర్చుందాం.

వరద గురించి కూడా చెప్పుకోవాలి. 2022 జూలైలో ధవళేశ్వరం నుంచి 25 లక్షల క్యూసెక్కులకు పైగా నీళ్ళు కిందికి వచ్చాయి. మీ అత్తగారిని ఎవరో గుర్తుపెట్టుకుని వెళ్ళి తెచ్చారు కాబట్టి సరిపోయింది. గుర్తుకు రాని వాళ్ళ సంగతేమిటి? జూన్ నెలలోనే ఊళ్ళో ఒంటరిగా ఉన్న ముసలివాళ్ళ పేర్లు, మంచాన ఉన్నవాళ్ళ పేర్లు, వాళ్ళు వేసుకునే మందులు, గల్ఫ్‌లో ఉన్న పిల్లల ఫోన్ నంబర్లు ఒక కాగితం మీద రాయించండి. ధవళేశ్వరంలో నీటిమట్టం 11.75 అడుగులకి వస్తే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. మూడోదాకా ఆగకుండా రెండో హెచ్చరికకే పడవ ఏ ఇంటికి ముందు వెళ్ళాలో ఆ కాగితం చెప్పాలి. ఈ పని ఆ రెండు కుటుంబాల మగవాళ్ళతో కలిసి చేయండి, పడవలు, అనుభవం వాళ్ళ దగ్గరే ఉన్నాయి. మొన్న మా అత్తగారికి మీరు చేసింది మర్చిపోలేను అని వాళ్ళతో నోరు తెరిచి చెప్పారా? చెప్పకపోతే ముందు అది చెప్పండి.

పిల్లల సంగతి మీరు డ్రమ్స్ దగ్గర ఆగిపోయారు. నాకు వేరే అనుమానం ఉంది. పదకొండేళ్ళు ఆ పిల్లలు ఆదివారం గుడికి అమ్మ లేకుండా వెళ్ళారు. తొలి దివ్యసత్ప్రసాదం (పూజలో మొదటిసారి ప్రసాదం తీసుకునే) రోజు మీరు వీడియో కాల్‌లో చూసి ఉంటారు. మిగతా పిల్లల పక్కన అమ్మలు నిలబడ్డ గుడి అది. కాలవ అవతల మందిరంలో వాళ్ళ కథ ఎవరికీ తెలియదు. వాళ్ళు కోరుకుంటున్నది అదేనేమో, ఒకసారి మెల్లగా అడిగి చూడండి. వెళ్ళొద్దని కట్టడి చేయకండి, అవతలివాళ్ళని తక్కువ చేసి మాట్లాడకండి. వాళ్ళూ మన చుట్టాలే. ఒక ఆదివారం సాయంత్రం మీరే వాళ్ళతో వెళ్ళి కూర్చుని రండి. ఇటు పక్కన వాళ్ళకి పని అప్పజెప్పించండి. మీ అబ్బాయికి డిసెంబరులో క్రిస్మస్‌కి బాలయేసు పశువుల పాక కట్టే బాధ్యత ఇప్పించమని ఫాదర్ గారిని అడగండి. వరిగడ్డి తేవడం దగ్గర్నుంచి లైట్ల వైరింగు దాకా అతనూ అతని స్నేహితులూ చూసుకోవాలి, పెద్దలు చేతులు పెట్టకూడదు. అమ్మాయికి గల్ఫ్ కూటంలో ఫోన్ పని ఎలాగూ ఉంది. కీబోర్డు నేర్చుకోవాలని ఉంటే నేర్పించండి, పాటల బృందానికి ఎలాగూ కావాలి. అంతా చేశాక కూడా అటే వెళ్తామంటే వెళ్ళనివ్వండి. ఇంట్లో రాత్రి జపమాల మీతో కలిసి చెప్పుకుంటే చాలు.

ఫాదర్ గారికి ఈ వారమే జవాబు చెప్పండి, చూసుకుంటానని. కాకపోతే కొన్ని మాటలు ముందే చెప్పుకోండి. ఒక ఏడాదికే ఒప్పుకుంటానని, ఆ తర్వాత ఇంకొకరికి అప్పజెప్పాలని. ఆ రెండు ఇళ్ళలో ఒక పెద్దావిడ, ఇప్పటిదాకా ఏ కమిటీలోనూ లేని పేటనుంచి ఒకామె మీతోపాటు ఉండాలని. సమాజం డబ్బు మీ ఒక్కరి దగ్గర కాకుండా ఇద్దరి సంతకాలతో బ్యాంకులో ఉండాలని. లెక్క అడిగిన మనిషి లెక్క చూపించాలి కదమ్మా. పేజీ నంబర్లు అచ్చువేసి ఉన్న పద్దుల పుస్తకం ఒకటి పాలకొల్లులో కొనండి, చింపితే తెలిసిపోయేలాంటిది. పుస్తకం వెల ఎంతైతే అంత, మొదటి పద్దుగా అదే రాయండి.